అమ్మ పులుసులో ఉప్పు రెండుసార్లు వేసింది. అసలు మనం ఎందుకు మర్చిపోతాం?

కోవూరు_పిల్ల (ఆదివారం రాత్రి 9:40)

ఇవాళ మధ్యాహ్నం జరిగింది రాస్తున్నా, కొంచెం ఓపిగ్గా చదవండి. అమ్మకు 64 ఏళ్ళు. నాన్న పోయి పద్నాలుగు నెలలైంది. నేను నెల్లూరులో ఉంటాను, ఆదివారాలు కోవూరు వెళ్తాను. కొర్రమీను దొరికిందని అమ్మ పులుసు పెట్టింది. నేను గడప దగ్గర నిలబడి మాట్లాడుతున్నా. ఉప్పు డబ్బా మూత తీసింది, గుప్పెట పట్టి దాకలో వేసింది, మూత పెట్టింది. ఇంతలో ఫోన్ మోగితే ముందు గదిలోకి వెళ్ళి పిన్నితో మాట్లాడి వచ్చింది. మామిడికాయ ముక్కలు వేసింది. మళ్ళీ డబ్బా మూత తీసి, చెయ్యి లోపల పెట్టి, అలాగే ఆగిపోయింది. వేశానా లేదా అన్నట్టు పెదాలు కదిలాయి. నేను నోరు తెరిచేలోపే వేసేసింది.

అన్నాల దగ్గర తమ్ముడు విసుక్కున్నాడు. "నీకు ఈమధ్య దేనిమీదా ధ్యాస ఉండటం లేదమ్మా" అన్నాడు. అమ్మ మారు మాట్లాడలేదు. మా ఇద్దరికీ పచ్చడి, పెరుగు వేసి, తను మాత్రం ఆ పులుసే కలుపుకుని తినేసింది. అది చూసినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు.

ఇదొక్కటే అయితే రాసేదాన్ని కాదు. పోయిన నెల షుగర్ మాత్ర ఒకే పొద్దున రెండుసార్లు వేసుకుంది. చెప్పిన మాటే మళ్ళీ చెప్తోంది. మూడు రోజుల కింద పాలు పొయ్యి మీద పెట్టి దొడ్లోకి వెళ్ళిపోయింది, గిన్నె మాడి పక్కింటివాళ్ళు వచ్చి కట్టేశారు. ఇది వయసా, జబ్బా, నాన్న పోయిన దిగులా? నాకు 36, నేను కూడా లోపలి గదిలోకి వెళ్ళి ఎందుకొచ్చానా అని నిలబడిపోతున్నా. అసలు మనిషి ఎందుకు మర్చిపోతాడు? తెలిసినవాళ్ళు చెప్పండి.


పొదిలి_మాస్టారు (రాత్రి 10:05)

అమ్మాయ్, ముప్పై ఒక్క ఏళ్ళు సైన్సు చెప్పి రిటైరైనవాడిని, డాక్టర్ని కాదు. జబ్బు సంగతి తెలిసినవాళ్ళు చెప్తారు. నేను మర్చిపోవడం గురించి నాకు తెలిసింది చెప్తాను.

మీ అమ్మగారి ఉప్పు విషయంలో "మర్చిపోయింది" అనే మాట పూర్తిగా అతకదు. మర్చిపోవాలంటే ముందు అది మనసులో పడాలి కదా. నలభై ఏళ్ళుగా రెండు పూటలా ఉప్పు వేసిన చెయ్యి అది. దానికి ఎవరూ చెప్పక్కర్లేదు, తనంతట తనే వేసేస్తుంది. ఆ క్షణంలో బుద్ధి మీ మాటల మీదో మోగుతున్న ఫోన్ మీదో ఉంటుంది. బుద్ధి పెట్టనిది జ్ఞాపకంగా తయారవదు. తయారు కానిదాన్ని ఎంత వెతికినా దొరకదు.

ఇంకోటి చూడండి. ఇవాళ వేసిన ఉప్పుకూ నిన్న వేసిన ఉప్పుకూ తేడా ఏముంది? అదే డబ్బా, అదే దాక, అదే గుప్పెడు. వేసినట్టు గుర్తుంటుంది, కానీ ఆ గుర్తు ఇవాళ్టిదా నిన్నటిదా అనేది తేలదు. తలుపు తాళం, మోటారు స్విచ్చి, రోజూ వేసుకునే మాత్ర, అన్నీ ఇదే బాపతు. ఒకే రకం జ్ఞాపకాలు ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోతాయి. అందుకే పెళ్ళినాటి పులుసు గుర్తుంటుంది, మొన్న మంగళవారం పులుసు గుర్తుండదు.

కాలంతో పాటు చెరిగిపోవడం వేరు. జర్మనీలో హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే ఆయన అర్థం లేని అక్షరాల ముక్కలు 2300 దాకా తయారు చేసుకుని, ఏళ్ళ తరబడి తన మీద తనే ప్రయోగం చేసుకుని 1885లో పుస్తకం అచ్చు వేశాడు. ఒకసారి బట్టీ పట్టినదాన్ని కొంతకాలం తర్వాత మళ్ళీ బట్టీ పట్టడానికి ఎంత శ్రమ ఆదా అయిందో కొలిచాడు. ఇరవై నిమిషాలకు 58 శాతం, గంటకు 44, ఒక రోజుకు 34 దగ్గర, నెలకు 21. పోవాల్సినదాంట్లో చాలావరకు మొదటి రోజే పోతోంది. మిగిలింది మాత్రం గట్టిగా పట్టుకుని ఉంటోంది.


బుచ్చి_వాడు (రాత్రి 10:20)

ఇదంతా ఫోన్ల వల్లేనండీ. మా నాయనకు ముప్పై ఫోన్ నంబర్లు నోటికి వచ్చేవి. నాకు మా ఆవిడ నంబరు కూడా రాదు. బుర్రకు పని తగ్గించేశాం, అది తుప్పు పట్టింది.


పొదిలి_మాస్టారు (రాత్రి 10:31)

మీ బాధ నిజమే కానీ కారణం అది కాదేమో ఆలోచించండి. మీ నాయనగారు ఆ నంబర్లు రోజూ వేలు పెట్టి తిప్పేవారు. మీరు మీ ఆవిడ నంబరు ఎన్నడైనా పూర్తిగా నొక్కారా? పేరు మీద నొక్కుతారు. ఎన్నడూ బుద్ధిలో పెట్టని దాన్ని మర్చిపోవడం ఎలా అవుతుంది? మీరు తిరిగే రూట్లో బస్‌స్టాపులన్నీ వరసగా చెప్పమంటే చెప్తారు కదా.


బుచ్చి_వాడు (రాత్రి 10:38)

చెప్తాను. బుచ్చి నుంచి నెల్లూరు దాకా ప్రతి స్టాపూ చెప్తాను. సరే మాస్టారూ, ఆలోచిస్తా. కానీ ఫోన్ చేతిలో ఉంటే బుద్ధి నిలవడం లేదన్న మాట మాత్రం వదలను.


పొదిలి_మాస్టారు (రాత్రి 10:40)

ఆ మాట వదలొద్దు, అది నిజం.


పలకల_ఊరు (రాత్రి 10:52)

మాస్టారూ, ఆ ఆదా లెక్క నాకు బాగా పట్టింది. మాది మార్కాపురం, మా నాన్న పలకల ఫ్యాక్టరీలో చేసేవాడు. పలక మీద గట్టిగా రాసి తుడిస్తే అక్షరం పోతుంది. కానీ వెలుగుకు ఏటవాలుగా పట్టి చూస్తే బలపం నొక్కిన గీత ఉంటుంది. దాని మీదే మళ్ళీ రాస్తే చెయ్యి దారిలో పోయినట్టు పోతుంది. మా పాపకు పదిహేడో ఎక్కం నేర్పించబోతే నాకే రాలేదు, పదిహేడు ఆర్లు దగ్గరే ఆగిపోయాను. రెండు సాయంత్రాలు దానితో కలిసి చదివేసరికి మొత్తం వచ్చేసింది. దానికి మాత్రం ఇంకా రాలేదు. అంటే నాలో గీత మిగిలే ఉందన్నమాట.


ఇందుకూరుపేట_చెరువులు (రాత్రి 11:45)

అక్కా, మీ తమ్ముడి మాట చదివి రాస్తున్నా. ఈ విషయం నేను ఎవరికీ చెప్పలేదు.

మాకు వనామీ రొయ్యల చెరువులు మూడు. రాత్రిపూట నీళ్ళలో డీఓ, అంటే కరిగిన ఆక్సిజన్, పడిపోతుంది, తెల్లవారుజామున మరీ తక్కువ. కాబట్టి నీళ్ళలోకి గాలి ఎక్కించే ఏరేటర్లు తిప్పాలి. పోయిన పంటలో కరెంటు పోయింది, జనరేటర్ వేశాను, కరెంటు వచ్చాక జనరేటర్ ఆపాను, మూడో చెరువు ఏరేటర్ స్విచ్చి మళ్ళీ వేయాలి. వేయాలి అనుకున్నా. ఇప్పటికీ ఆ "అనుకోవడం" నాకు గుర్తుంది. అంతలో రెండో చెరువులో మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రేలో మేత మిగిలిందని కుర్రాడు పిలిచాడు, వెళ్ళాను, చూశాను, షెడ్డుకొచ్చి పడుకున్నా. అయిదింటికి లేచి చూస్తే మూడో చెరువులో రొయ్యలు గట్టు పక్కన పైకి తేలి ఉన్నాయి. ఇంకో మూడు వారాలైతే 40 కౌంట్‌కి, అంటే కిలోకు నలభై తూగే సైజుకు, పట్టేవాళ్ళం.

మా నాయన నన్ను కొట్టలేదు, తిట్టలేదు. "నీకు లెక్క లేదురా" అన్నాడు. అంతే. అక్కా, ఆ నాలుగు నెలలూ నేను రాత్రికి మూడు గంటలకంటే ఎక్కువ పడుకోలేదు. లెక్క లేకపోతే అలా కాపలా కాస్తానా? ఎంత లెక్క ఉన్నా ఆ స్విచ్చి ఎట్లా మర్చిపోయానో నాకు ఇప్పటికీ తెలియదు.


పొదిలి_మాస్టారు (సోమవారం ఉదయం 6:10)

నాయనా, పొద్దున్నే నీది చదివి మనసు కష్టపెట్టుకున్నా. జరిగిపోయింది గుర్తు తెచ్చుకోవడం ఒకటి, ఇకముందు చేయాల్సింది సమయానికి గుర్తు రావడం ఇంకొకటి. రెండోది చాలా సున్నితమైంది, ఎందుకంటే అక్కడ నిన్ను అడిగేవాళ్ళు ఎవరూ ఉండరు. పరీక్షలో ప్రశ్న ఉంటుంది. చెరువు గట్టు మీద ప్రశ్న ఉండదు. ఏదో ఒకటి కంటబడి గుర్తు చేయాలి. నువ్వు ఆ స్విచ్చి ముందు నుంచి రెండో చెరువుకు వెళ్ళిన క్షణంలో గుర్తు చేసే వస్తువు కంటికి దూరమైపోయింది.

1975లో గాడెన్, బాడ్లీ అనే ఇద్దరు నీళ్ళలో ఈదే డైవర్లకు మాటల పట్టీలు నేర్పించారు. కొన్ని ఒడ్డున, కొన్ని నీళ్ళ అడుగున. నీళ్ళలో నేర్చుకున్నవి నీళ్ళలోనే బాగా గుర్తొచ్చాయి, ఒడ్డున నేర్చుకున్నవి ఒడ్డునే. చోటు కూడా జ్ఞాపకంలో ఒక భాగం. గదిలోకి వెళ్ళి ఎందుకొచ్చానా అని నిలబడిపోతున్నానని ఈ అమ్మాయి రాసింది కదా, అదీ ఇలాంటిదే. వచ్చిన చోటికి వెనక్కి వెళ్ళి నిలబడితే చాలాసార్లు గుర్తొచ్చేస్తుంది.

ఇక నిద్ర. కార్నెల్ యూనివర్సిటీలో జెంకిన్స్, డాలెన్‌బాక్ అనేవాళ్ళు 1924లోనే చూపించారు, నేర్చుకున్న తర్వాత పడుకుంటే ఎక్కువ గుర్తుంటుంది, మెలకువగా ఉంటే తక్కువ. పగటి జ్ఞాపకాలు గట్టిపడేది నిద్రలోనే. నిద్ర లేనివాడికి ముందు పోయేది ధ్యాస, దాని వెనకే జ్ఞాపకం. నువ్వు నాలుగు నెలలు ఆ రెండూ లేకుండా మూడు చెరువులు కాచావు. లెక్క లేకపోవడం కాదు నాయనా అది.


ఇందుకూరుపేట_చెరువులు (ఉదయం 6:30)

మాస్టారూ, ఇది మా నాయనకు చదివి వినిపిస్తా. ఇప్పుడు నేనొక పని చేస్తున్నా, అందరికీ పనికొస్తుందేమో. ఏ ఏరేటర్ ఆపినా నా ఎడమ చెప్పు విప్పి ఆ స్విచ్‌బోర్డు కింద పెట్టేస్తా. ఒంటి చెప్పుతో గట్టు మీద ఎంతో దూరం పోలేను.


వార్డు_సిస్టర్ (ఉదయం 7:15)

నైట్ డ్యూటీ దిగి ఇప్పుడే చూశాను. ఒంగోలులో నర్సుగా పద్దెనిమిదేళ్ళు. కోవూరు అమ్మాయీ, మాస్టారు చెప్పింది బాగుంది కానీ ఉప్పు దగ్గర ఆగిపోవద్దు. మాత్ర రెండుసార్లు వేసుకోవడం, పాలు మాడిపోవడం, చెప్పిందే చెప్పడం, ఇవన్నీ కొన్ని నెలల్లోనే వచ్చాయంటే చూపించాల్సిందే. ముందు నేనడిగేవాటికి జవాబు చెప్పు. ఏ మాత్రలు వేసుకుంటున్నారు, ఎన్నేళ్ళుగా? రాత్రి ఎన్ని గంటలు పడుకుంటున్నారు? ఈమధ్య ఎక్కడైనా పడ్డారా, తలకు దెబ్బ తగిలిందా? చెవులు సరిగ్గా వినిపిస్తున్నాయా? తెలిసిన వీధిలో దారి తప్పారా? కూరగాయలవాడికి డబ్బు లెక్క సరిగ్గానే ఇస్తున్నారా?

ఎందుకు అడుగుతున్నానంటే, వయసు మీదపడితే పేరు ఆలస్యంగా గుర్తు రావడం, కళ్ళజోడు ఎక్కడ పెట్టామో వెతుక్కోవడం మామూలే. కళ్ళజోడు చేతిలో పట్టుకుని ఇదెందుకో తెలియకపోవడం మామూలు కాదు. పుట్టి పెరిగిన వీధిలో ఇల్లు దొరక్కపోవడం మామూలు కాదు.

ఇంకొకటి అందరూ గుర్తుపెట్టుకోండి. పెద్దవాళ్ళకు ఒకటి రెండు రోజుల్లో ఉన్నట్టుండి మతి తప్పినట్టయితే అది వయసు కాదు, ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ కావచ్చు, షుగర్ పడిపోయి ఉండవచ్చు, సోడియం తగ్గి ఉండవచ్చు. తలకు దెబ్బ తగిలిన కొన్ని వారాల తర్వాత కూడా లోపల నెమ్మదిగా రక్తం చేరి ఇలా అవుతుంది. ఇవన్నీ వైద్యం ఉన్నవే.


కోవూరు_పిల్ల (ఉదయం 8:50)

సిస్టర్ గారూ, అమ్మకు ఫోన్ చేసి అన్నీ అడిగాను. పడలేదు, దారి తప్పలేదు, డబ్బు లెక్కలో నన్ను మించిపోయింది. తొమ్మిదేళ్ళుగా షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వేసుకుంటోంది. పరగడుపున గ్యాస్ మాత్ర ఒకటి, అది ఎవరు రాశారో ఎప్పటి నుంచో తనకే తెలియదు, అయిపోగానే మందుల షాపులో తెచ్చుకుంటోంది. నిద్ర సంగతి అడిగితే కాసేపు ఏమీ మాట్లాడలేదు. "మీ నాన్న పోయినాక రెండింటికి మెలకువ వచ్చేస్తుంది, ఇంక పట్టదు" అంది. పద్నాలుగు నెలల్లో ఈ మాట నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు.


వార్డు_సిస్టర్ (ఉదయం 9:20)

మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే కొందరికి బి12 విటమిన్ ఒంటికి పట్టడం తగ్గుతుంది. గ్యాస్ మాత్రలు ఎక్కువకాలం వాడినా అంతే. బి12 బాగా తగ్గితే మతిమరుపు, నీరసం, కాళ్ళు తిమ్మిర్లు వస్తాయి. డాక్టర్ దగ్గర బి12, థైరాయిడ్, షుగర్, సోడియం చూపించమని అడుగు. మనసు దిగులు కూడా చెప్పు, దాచొద్దు. దిగులు పట్టిన మనిషికి ధ్యాస నిలవదు, బయటికి అచ్చం మతిమరుపులాగే కనిపిస్తుంది. మెట్‌ఫార్మిన్ మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు. మాత్రల కోసం వారానికి ఏడు గళ్ళున్న ప్లాస్టిక్ డబ్బా దొరుకుతుంది, ఇవాళే కొను. గడి ఖాళీగా ఉంటే వేసుకున్నట్టు. గుర్తు పెట్టుకోవాల్సిన అవసరమే ఉండదు.


బుచ్చి_వాడు (ఉదయం 9:45)

చేపలు తినేవాళ్ళకు బి12 ఎట్లా తగ్గుతుంది సిస్టర్? అది శాకాహారులకు కదా అంటారు. సరస్వతి ఆకు పొడి వాడితే మంచిదని మా అత్త అంటుంది.


వార్డు_సిస్టర్ (ఉదయం 10:02)

శాకాహారులకు ఎక్కువగా తగ్గుతుంది, నిజమే. తినడం ఒకటి, ఒంటికి పట్టడం ఇంకొకటి. ఆకు పొడి సంగతి, మీ అత్తగారిని తప్పు పట్టను, పెద్దలు వాడారు. కానీ కారణం బి12 అయితే ఆకుతో అది రాదు. పొడి వాడుతున్నాం కదా అని ఆరు నెలలు ఆగినవాళ్ళను చూశాను. అప్పటికి నరాలు దెబ్బతిని కాళ్ళు సరిగ్గా మోపలేకపోయారు. పరీక్ష ముందు, మిగతావన్నీ తర్వాత.


ఒంగోలు_ఇంటర్ (మధ్యాహ్నం 1:15)

మాస్టారూ, నాకు బైపీసీ రెండో సంవత్సరం. నాలుగుసార్లు చదువుతాను, చదువుతున్నప్పుడు అంతా తెలిసినట్టే ఉంటుంది. హాల్లోకి వెళ్తే తెల్లకాగితం. టెన్షన్ వల్లనా? నాకు తెలివి తక్కువా?


పొదిలి_మాస్టారు (మధ్యాహ్నం 1:50)

తెలివి తక్కువ అనే మాట ఇంకెప్పుడూ అనుకోవద్దు. టెన్షన్ కొంత ఉంటుంది, కానీ అసలు లోపం చదివే తీరులో ఉంది. చదివిందే చదివితే అక్షరాలు పరిచయమవుతాయి. పరిచయం ఉన్న ముఖాన్ని చూసి పేరు తెలుసనుకున్నట్టు ఉంటుంది అది.

రోడీగర్, కార్పికీ అనే ఇద్దరు 2006లో కాలేజీ పిల్లలతో చేసిన ప్రయోగం చెప్తాను. కొందరు ఒక పాఠం రెండుసార్లు చదివారు. మిగతావాళ్ళు ఒకసారి చదివి, రెండోసారి పుస్తకం మూసి గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాలకు పరీక్ష పెడితే రెండుసార్లు చదివినవాళ్ళే ముందున్నారు. వారం తర్వాత పెడితే చదివినవాళ్ళకు 42 శాతం గుర్తుంది, రాసినవాళ్ళకు 56 శాతం. నువ్వు హాల్లోకి వెళ్ళేది అయిదు నిమిషాలకు కాదు కదా. ఒకసారి చదువు, పుస్తకం మూసెయ్, తెల్లకాగితం మీద రాయి. రాకపోతే కష్టంగా ఉంటుంది, ఆ కష్టమే పని చేస్తుంది. మర్నాడు ఒకసారి, నాలుగు రోజులకు ఒకసారి, పది రోజులకు ఒకసారి మళ్ళీ రాయి.

మనవాళ్ళకు ఇది ఎప్పుడో తెలుసు. ఎక్కాలు చూసి చదివించలేదు, ఒప్పజెప్పించారు. పద్యం చూసి చదివితే వచ్చినట్టు కాదు, ఒప్పజెప్తేనే వచ్చినట్టు. నా చిన్నప్పుడు ఒంగోలులో ఒక అష్టావధానం చూశాను. ఎనిమిది మంది చుట్టూ కూర్చుని అడుగుతున్నారు, ఒకాయన అక్షరాలు నిషేధిస్తున్నాడు, ఇంకొకాయన మధ్యలో అప్రస్తుత ప్రసంగంతో అడ్డు తగులుతున్నాడు, వెనక గంట మోగుతోంది, అది కూడా లెక్కపెట్టాలి. చివర్లో అవధాని కళ్ళు మూసుకుని అన్ని పద్యాలూ మొదటి నుంచి ధారణ చేశాడు. ఎలా సాధ్యమని చాలా ఏళ్ళు ఆలోచించాను. పద్యంలో మాట ఎక్కడపడితే అక్కడ ఉండదు. గణం కొలత చెప్తుంది, యతి ఫలానా చోట ఫలానా అక్షరం రావాలంటుంది, ప్రాస రెండో అక్షరాన్ని పట్టుకుంటుంది. మాట జారిపోయినా దాని చుట్టూ ఉన్నవన్నీ దాన్ని చూపిస్తూనే ఉంటాయి. నీ బోటనీకి కూడా అలా పట్టుకొమ్మలు కట్టుకో.


కావలి_తీరం (సాయంత్రం 5:30)

నాది వేరే రకం మర్చిపోవడం. 1989 నవంబరు తుఫాను మా కావలి దగ్గర తీరం దాటింది. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు. నాన్న నన్ను భుజాన వేసుకుని స్కూలు బిల్డింగుకు తీసుకెళ్ళడం, రేకులు ఎగరడం కళ్ళకు కట్టినట్టు ఉంది. మా అక్క మాత్రం "నిన్ను మోసింది నాన్న కాదురా, పెదనాన్న, నాన్న ఆరోజు ఊళ్ళోనే లేడు" అంటుంది. నాన్న లేడు, పెదనాన్న లేడు, అడగడానికి ఎవరూ లేరు. ఇంత స్పష్టంగా ఉన్నది తప్పెలా అవుతుంది?


పొదిలి_మాస్టారు (సాయంత్రం 6:40)

అవుతుంది బాబూ. 1986 జనవరి 28న అమెరికాలో ఛాలెంజర్ అంతరిక్ష నౌక పేలిపోయింది. మర్నాడు నైసర్ అనే ప్రొఫెసర్ తన విద్యార్థుల చేత, ఆ వార్త ఎక్కడున్నప్పుడు ఎవరి ద్వారా తెలిసిందో రాయించి పెట్టుకున్నాడు. రెండున్నరేళ్ళ తర్వాత వాళ్ళలో 44 మందిని మళ్ళీ అడిగాడు. చాలామంది ఇంకోలా చెప్పారు, గట్టి నమ్మకంతో చెప్పారు. తమ చేతిరాత చూపించినా కొందరు ఒప్పుకోలేదు. తలుచుకున్న ప్రతిసారీ మనం జ్ఞాపకాన్ని మళ్ళీ కట్టుకుంటాం, ఖాళీ ఉన్నచోట మనకు తోచింది చేరుతుంది. మీరు చిన్నప్పుడు నాన్న భుజం మీద ఎన్నిసార్లు ఎక్కి ఉంటారు? ఆ భుజం వచ్చి ఈ రాత్రిలో చేరి ఉండవచ్చు. అక్కదే తప్పు కావడానికి కూడా అంతే అవకాశం ఉంది.


మూలపేట_వాసి (రాత్రి 9:10)

మీరంతా ఇంత మనసు విప్పి మాట్లాడుతున్నారని నేనూ అడుగుతున్నా. మావారు పోయి ఆరేళ్ళు. ముఖం గుర్తుంది, నడక గుర్తుంది, గొంతు గుర్తు రావడం లేదు. మాటలు గుర్తున్నాయి, అవి ఆయన గొంతులో వినిపించడం లేదు. ఎవరితోనైనా చెప్తే ఇంత తొందరగా మర్చిపోయిందా అనుకుంటారని చెప్పలేదు. రంగనాయకుల గుడికి వెళ్ళినప్పుడు పెన్న ఒడ్డున కూర్చుని గుర్తు తెచ్చుకోవాలని ప్రయత్నిస్తాను, రాదు.


కోవూరు_పిల్ల (రాత్రి 9:25)

పెద్దమ్మా, మీది చదివి మా అమ్మ రాత్రి రెండింటికి లేచి ఏం గుర్తు తెచ్చుకుంటోందో అనిపించింది. మీ బంధువుల్లో ఎవరి పెళ్ళి క్యాసెట్‌లోనైనా ఆయన మాట ఉంటుందేమో అడిగి చూడండి. పాత వీడియో క్యాసెట్లు ఇప్పుడు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే స్టూడియోలు ఉన్నాయి.


మూలపేట_వాసి (రాత్రి 9:40)

మా ఆడపడుచు కూతురి పెళ్ళి. ఆయనే దగ్గరుండి వడ్డనలు చూశారు. రేపు ఫోన్ చేస్తానమ్మా.


టంగుటూరు_బ్యారన్ (రాత్రి 11:20)

మా నాన్నకు 78. మూడేళ్ళ కింద డాక్టరు అల్జీమర్స్ అని చెప్పారు. మాకు పొగాకు బ్యారన్ ఉండేది, అంటే మంట వేడితో ఆకు ఆరబెట్టే (క్యూరింగ్ చేసే) కొట్టం. తొమ్మిదేళ్ళ కింద తీసేశాం. నాన్నకు నా పేరు ఒక్కోరోజు రాదు, మా అబ్బాయిని నేననుకుంటాడు. కానీ రోజూ రాత్రి రెండింటికి లేచి బ్యారన్ మంట చూడాలంటాడు. "రంగు తిరిగిందా, ఈనె ఎండిందా, వేడి ఒక్కసారిగా ఎక్కించొద్దు" అని నాకు ఒక్క మెట్టు తప్పకుండా క్యూరింగ్ మొత్తం చెప్తాడు. అన్నం తిన్నానో లేదో గుర్తులేని మనిషికి ఇదెట్లా గుర్తుంది? "నాన్నా, బ్యారన్ లేదు, తీసేశాం" అంటే ప్రతిరోజూ ఆ మాట కొత్తగా విన్నట్టు విని గోడకు ఆనుకుని కూలబడిపోతాడు. నేను అబద్ధం చెప్పలేను, నిజం చెప్పి చూడలేను.


వార్డు_సిస్టర్ (రాత్రి 11:50)

అన్నా, ముందు మీ ప్రశ్నకు. కొత్త జ్ఞాపకం తయారు కావడానికి మెదడు లోపల రెండు పక్కలా హిప్పోక్యాంపస్ అనే చిన్న భాగం కావాలి. అల్జీమర్స్ తొలి రోజుల్లోనే దెబ్బతినే చోట్లలో అదొకటి. అందుకే పొద్దున తిన్న అన్నం నిలవదు. పాతవి అప్పటికే మెదడులో వేరే చోట్ల పాతుకుపోయి ఉంటాయి కాబట్టి ఎక్కువకాలం నిలుస్తాయి. 1953లో అమెరికాలో ఒకాయనకు మూర్ఛలు తగ్గించడానికి రెండు పక్కలా ఆ భాగం తీసేశారు. అప్పుడాయనకు 27 ఏళ్ళు. 2008లో పోయేదాకా కొత్త మనిషి ఎవరు పరిచయమైనా గుర్తుండేవాళ్ళు కాదు. కానీ అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయడం నేర్పిస్తే చెయ్యి రోజురోజుకూ మెరుగైంది, నేర్చుకున్న సంగతే ఆయనకు తెలియదు. చేతి పని దాచుకునే చోటు వేరు. మీ నాన్న చేతులకు ఆ బ్యారన్ ఇంకా తెలుసు.

రెండోది. లేదని రుజువు చేయొద్దు. ఆ మాట ఆయనలో నిలవదు, దుఃఖం మాత్రం నిలుస్తుంది. ఆయన అడిగేది బ్యారన్ కాకపోవచ్చు, పని సరిగ్గా జరుగుతోందా అని. దానికి జవాబు ఇవ్వండి. తలుపుకు పైన గొళ్ళెం పెట్టించండి, జేబులో ఫోన్ నంబరు రాసిన కార్డు ఎప్పుడూ ఉంచండి. రొట్టెల పండక్కి, తిరునాళ్ళకు తీసుకెళ్తే చెయ్యి వదలొద్దు. 14567 అని పెద్దవాళ్ళ కోసం ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది, డబ్బు ఖర్చు కాదు, అవసరమైతే అడగండి. ముఖ్యంగా మీరు పడుకోవడానికి వారంలో రెండు రాత్రులైనా ఇంకెవరినైనా చూడమనండి.


కోవూరు_పిల్ల (తర్వాతి ఆదివారం, సాయంత్రం 6:15)

అందరికీ చెప్పాల్సింది ఉంది. అమ్మను గురువారం తీసుకెళ్ళాం. బి12 రిపోర్టులో 200 పైన ఉండాలని ఉంది, అమ్మకు 128. థైరాయిడ్ బాగానే ఉంది. డాక్టర్ గారు మూడు మాటలు చెప్పి కాసేపాగి అడిగారు, అమ్మ రెండు చెప్పింది. గడియారం బొమ్మ గీయమంటే సరిగ్గా గీసింది. ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. వెంటనే మారిపోతుందనుకోవద్దు, మూడు నెలల తర్వాత మళ్ళీ చూద్దాం, అప్పటికీ తగ్గకపోతే స్కాన్ తీయిద్దాం అన్నారు. గ్యాస్ మాత్ర అవసరం లేదని ఆపించారు. నిద్ర గురించి అమ్మ ఆయనకు చాలాసేపు చెప్పింది, నేను బయట కూర్చున్నా.

తమ్ముడికి ఇక్కడ రాసినవన్నీ చదివి వినిపించాను. ఏమీ అనలేదు. ఇవాళ అమ్మ మళ్ళీ పులుసు పెడుతుంటే వాడే వంటింట్లో పీట వేసుకుని కూర్చున్నాడు. చెరువుల తమ్ముడూ, నీ చెప్పు ఉపాయం అమ్మకు చెప్పాను. ఉప్పు వేశాక డబ్బా మూత వెల్లకిలా పెడుతోంది.


ఇందుకూరుపేట_చెరువులు (సాయంత్రం 6:40)

చాలా సంతోషం అక్కా. మా నాయన మాస్టారు రాసింది రెండుసార్లు చదివించుకున్నాడు. నిన్న రాత్రి నన్ను పడుకోమని తను చెరువుల దగ్గరికి వెళ్ళాడు.


టంగుటూరు_బ్యారన్ (సోమవారం తెల్లవారుజామున 3:05)

సిస్టర్, ఇప్పుడే జరిగింది. నాన్న రెండింటికి లేచాడు. మంట చూడాలన్నాడు. నేను ముందే లేచి టార్చి తీసుకుని దొడ్లోకి వెళ్ళొచ్చి, "చూసొచ్చాను నాన్నా, సమంగానే ఉంది, ఈనె ఇంకా పచ్చిగా ఉంది, తెల్లారేదాకా ఇదే వేడి ఉంచుతా" అన్నాను. నా చెయ్యి పట్టుకుని వేళ్ళు తడిమి చూశాడు. "కట్టెలు ఎక్కువ వేయొద్దు" అన్నాడు. వేయనన్నాను. పడుకున్నాడు.